సెకనుకు రెండున్నర సార్లు

నేను బొగ్గు మోసే కన్వేయర్ బెల్టును. గోదావరి ఒడ్డున ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో నా బతుకు. మూడేసి రోలర్ల ఐడ్లర్లు నన్ను దొప్పలా వంచి పట్టుకుంటాయి. పక్క రోలర్ల వాలు 35 డిగ్రీలు.

నన్ను బిగించేటప్పుడు లెక్క సులువుగానే తేల్చారు. మీటరుకు ఇన్ని కిలోల బొగ్గు, ఇంత ఎత్తు, ఇంత రాపిడి, కాబట్టి ఇంత మోటారు. బొగ్గేదో బస్తాలో కట్టిన బియ్యంలా నా మీద కదలక పడుకుంటుందన్నట్టు! ఐడ్లరుకూ ఐడ్లరుకూ నడుమ 1.2 మీటర్లు. ఆ ఖాళీలో నేను కాస్త కుంగుతాను, అంచులు విచ్చుకుంటాయి, బొగ్గు పక్కలకు జారుతుంది. తర్వాతి ఐడ్లరు దగ్గరపడగానే అంచులు ముడుచుకుని, జారినదాన్ని మళ్లీ లోపలికి నెట్టాలి. నా నడక సెకనుకు మూడు మీటర్లు. అంటే ఈ అవస్థ సెకనుకు రెండున్నర సార్లు.

మొన్న ఒక ఇంజినీరమ్మ లాప్‌టాప్‌తో వచ్చింది. తెర మీద బొగ్గును వేల ముక్కలుగా పోసి, ఏ ముక్క దేన్ని ఎంత తోస్తుందో చూస్తోంది. పక్కనున్న ముసలి ఫిట్టరుకు చెప్పింది: గోడను మట్టి ఎలా తోస్తుందో రాంకిన్ అనే స్కాట్లాండు ఇంజినీరు 1857లోనే లెక్క కట్టాడట. బొగ్గు లోపలి రాపిడి కోణం 30 డిగ్రీలనుకుంటే, విచ్చుకున్నప్పుడు పైనుంచి పడే ఒత్తిడిలో మూడో వంతు దాకా తగ్గి పక్కలను తోస్తుంది. పూర్తిగా కుక్కితే మూడు రెట్ల దాకా పోతుంది. తొమ్మిది రెట్ల తేడా! బరువు మాత్రం చిటికెడు కూడా పెరగలేదు. ముడుచుకోవడానికి నేను పెట్టిన శక్తి విచ్చుకున్నప్పుడు కొంతే తిరిగొస్తుంది. మిగతాది బొగ్గు ఒరిపిడిలో వేడైపోతుంది. ఆ నష్టం భరించేది మోటారే.

హాపరు కింది ఫీడర్ బెల్టు నా చెల్లెలు. దాని గోస వేరు. ఖాళీ హాపరులో డంపరు బొగ్గు కుమ్మరిస్తే భారం చాలావరకు దాని వీపు మీదే. ఒక్కసారి జారడం మొదలైతే ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని, కమానులా బరువును గోడల మీదికి నెడతాయి. అప్పుడు దానికి ఊపిరాడుతుంది.

ఇంజినీరమ్మ అది చెబుతుంటే ఫిట్టరు అందుకున్నాడు: "హాపరు మొత్తం ఖాళీ చెయ్యనియ్య మేడమ్. అడుగున గింత బొగ్గు ఉంచుత. లేకుంటే పొద్దుగాల మోటరు ట్రిప్పయితది."

ఆమె ఖాళీ హాపరుతో ఒకసారి, అడుగున బొగ్గుంచి ఒకసారి లెక్క నడిపింది. రెండు గీతలనూ చాలాసేపు చూసి, "ఇది మీకెవరు చెప్పారన్నా?" అంది.

"మా ఉస్తాదు. ఆయనకెవరు చెప్పిన్రో!"

ఇంతలో సైరన్ మోగింది.