బదిలీ వర్కర్

“అన్నా, ల్యాప్‌టాప్ ఎంతకిస్తవే?”

ల్యాంప్ రూం దగ్గర అడిగారు. క్యాంటీన్‌లో అడిగారు. సోమగూడెం చౌరస్తాలో ఆటో కోసం నిలబడితే, ఏనాడూ పలకరించని మనిషి రోడ్డు దాటి వచ్చి మరీ అడిగాడు. ల్యాప్‌టాప్ అమ్ముతానని నేనెవరితోనూ అనలేదు. టాబ్ కొన్నానని మాత్రమే అన్నాను. కాసిపేటలో ఈ రెండూ ఒకే వార్తగా చెలామణీ అవుతున్నాయి. మా బామ్మర్దయితే ధర కూడా అడగలేదు. “బావా, సంచి గూడ దాంతోటే ఇస్తవు గదా?” అని నేరుగా సంచి దాకా వెళ్లిపోయాడు.

తప్పు వాళ్లది కాదు. కొన్న దుకాణంలోనే గోడంత బొమ్మ వేసి, ‘ఇక ల్యాప్‌టాప్‌తో పనేముంది?’ అని రాసి పెట్టారు. జవాబు నా దగ్గర చాలా ఉంది కానీ గోడలు వినవు.

ఎందుకు కొన్నానంటే, బోనస్ కాలం. 2025 దసరాకు సింగరేణి లాభాల్లో 34 శాతం వాటా, 802 కోట్ల రూపాయలు, కార్మికులకు పంచారు. మనిషికి సగటున లక్షా తొంభై అయిదు వేల పైచిలుకు. దీపావళికి ఇంకో లక్షా మూడు వేల బోనస్. ఆ డబ్బు మా ఖాతాల్లో పడక ముందే మంచిర్యాల దుకాణాలకు లెక్క తెలుస్తుంది. బొగ్గు బాయి గేటు బయట షిఫ్టు దిగిన ప్రతి చేతిలో ఒక పాంప్లెట్ పెడతారు. నా చేతిలో టాబ్ పాంప్లెట్ పడింది. పక్కనున్న హాలర్ ఆపరేటర్ చేతిలో బుల్లెట్ బండిది పడింది. అదృష్టమంటే అతనిది. బండి కొన్నాక హ్యాండిల్ విడిగా కొనుక్కోవాలని అతనికెవరూ చెప్పలేదు.

నాకు చెప్పారు. కీబోర్డు విడిగా. పెన్ను విడిగా. కవరు విడిగా. పెన్ డ్రైవ్ పెట్టుకోవాలంటే మధ్యలో బొటనవేలంత ముక్క ఒకటుంటుందట, అదీ విడిగా. అన్నీ కలిపి బిల్లు వేశాక ‘ల్యాప్‌టాప్‌తో పనేముంది’ అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికింది. ల్యాప్‌టాప్‌కు కీబోర్డు పుట్టుకతో వస్తుంది.

అయినా న్యాయంగా చెప్పాలి. పెట్టె తెరిచిన రాత్రి నేనూ పడిపోయాను. అంత పల్చటి వస్తువు అంత బరువైన ధరను ఎలా మోసిందో అర్థం కాలేదు. తెర మీద నలుపు అసలు నలుపు. బాయి లోపల క్యాప్ ల్యాంప్ ఆర్పి చూసినవాళ్లకే అంత నలుపు తెలుసు. వేలు పెట్టీ పెట్టకముందే పని అయిపోతోంది. పొద్దున ఏడింటి షిఫ్టుకు నింపిన చార్జింగ్ రాత్రి దాకా ఉంటోంది. నా ల్యాప్‌టాప్‌ది ముసలి ప్రాణం. మూత కీలు విరిగింది కాబట్టి వెనక ఇటుక పెడితేనే నిలబడుతుంది. తెరుచుకునే లోపు మా ఆవిడ టీ పెట్టి, వడగట్టి, “ఇంక గాలేదా?” అని అడిగి పోతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన చూసిన ఎవడైనా ల్యాప్‌టాప్ ధరే అడుగుతాడు.

కానీ నేను మస్టర్ క్లర్కుని, హాజరు రాసేవాడిని. ఎవడు ఎంత మెరిశాడన్నది నా రిజిస్టర్‌కు పట్టదు. పని చేశాడా, నాగా పెట్టాడా, అంతే.

సింగరేణి బయటివాళ్ల కోసం ఒక సంగతి. మా దగ్గర కొత్తగా చేరిన కార్మికుడు నేరుగా పర్మనెంట్ కాడు. బదిలీ వర్కర్‌గా, అంటే రానివాడి బదులు పని చేసేవాడిగా చేరతాడు. ఏడాదిలో భూగర్భంలో అయితే 190 మస్టర్లు, ఉపరితలంలో అయితే 240 మస్టర్లు నిండితే జనరల్ మజ్దూర్ అవుతాడు. ఎంత పెద్ద సిఫార్సు తెచ్చినా ఈ లెక్క లెక్కే. టాబ్‌ను కూడా నేను అలాగే చేర్చుకున్నాను. ల్యాప్‌టాప్ స్థానంలో బదిలీ వర్కర్. మస్టర్లు నిండనీ, చూద్దాం.

మొదటి చిక్కు దిగే దగ్గరే వచ్చింది. భూగర్భ గనిలోకి మామూలు ఎలక్ట్రానిక్ వస్తువులేవీ తీసుకుపోకూడదు. మీథేన్ ఉండే చోట చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే సెల్‌ఫోన్లు కూడా పైనే వదిలి దిగుతారు. కాబట్టి మా బదిలీ వర్కర్‌కు 190 లెక్క వర్తించదు. 240 నిండాల్సిందే.

రెండోది కూర్చునే దగ్గర. ల్యాప్‌టాప్ పేరులోనే ఒడి ఉంది. టాబ్‌ను ఒడిలో పెట్టుకుంటే బరువంతా తెరలోనే ఉండటం వల్ల కీబోర్డు గాల్లోకి లేచి, మొత్తం వెనక్కి వాలుతుంది. నవారు మంచం మీద మరీ ఘోరం. ఒక చేత్తో తెర పట్టుకుని, ఇంకో చేత్తో కథ రాయాలి. ఒంటి చేత్తో ఒత్తులు కొట్టి చూడండి, నా శైలి ఈ మధ్య ఎందుకింత సరళమైందో తెలుస్తుంది.

మూడోది పాత కథల దగ్గర. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో టైపు చేసినవి నా దగ్గర సంచెడు ఉన్నాయి. ఆ కాలంలో తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలను కాపురం పెట్టేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే బొమ్మలు పోయి ఉత్త గదులు కనిపిస్తాయి. నా తొలి ప్రేమకథ టాబ్‌లో ‘డాలర్, శాతం గుర్తు, బ్రాకెట్, ఎక్స్, ఎక్స్’ అని మొదలైంది. మా ఆవిడ తొంగి చూసి, “గిది మంచిగున్నది” అంది.

నాలుగోది సోమగూడెం జిరాక్స్ సెంటర్‌లో. కాలనీలో ఒకాయన క్వార్టర్ మరమ్మతుకు దరఖాస్తు రాసిపెట్టమంటే టాబ్‌లో చక్కగా రాసి, పట్టుకుపోయాను. కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “సార్, పెన్ డ్రైవ్ లేదా?” ఉంది, ముక్క ఇంట్లో ఉంది. “ఐతే వాట్సాప్ చెయ్యిండ్రి.” చేశాను. నా లక్ష రూపాయల యంత్రం నుంచి దరఖాస్తు వాడి పగిలిన ఫోన్‌కు, అక్కడి నుంచి దుమ్ము కొట్టుకున్న కంప్యూటర్‌కు, అక్కడి నుంచి ప్రింటర్‌కు వెళ్లింది. ఇందులో టాబ్ చేసిన పనేమిటో నాకింకా తేలలేదు. సంతకం మాత్రం ఆయన పెన్నుతోనే పెట్టాడు. ఆ పెన్ను విడిగా కొన్నది కాదు.

ఐదోది మస్టర్ లెక్కల షీటు. అందులో మాక్రోలున్నాయి. అలాంటివి టాబ్ మీద నడవవు. షీటు అందంగా తెరుచుకుని, చేతులు కట్టుకుని నిలబడుతుంది.

లెక్కలంటే గుర్తొచ్చింది. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నాది ఏ కంపెనీ టాబో చెప్పను కానీ, ఈ జాతికంతటికీ పెద్దదిక్కయిన ఐప్యాడ్‌ను స్టీవ్ జాబ్స్ 2010 జనవరి 27న లోకానికి చూపించాడు. అందులో సినిమాలున్నాయి, పుస్తకాలున్నాయి, పటాలున్నాయి. కాలిక్యులేటర్ లేదు. మరిచిపోయారేమో, వచ్చే ఏడాది పెడతారులే అనుకున్నారు జనం. 2011లో సకల జనుల సమ్మె జరిగింది, మా బాయిలన్నీ ఆగాయి, మళ్లీ నడిచాయి. కాలిక్యులేటర్ రాలేదు. 2014లో తెలంగాణ వచ్చింది. కాలిక్యులేటర్ రాలేదు. 2015లో ఐప్యాడ్‌కు పెన్సిల్ వచ్చింది. 2007లో తన ఫోన్‌ను లోకానికి చూపిస్తూ పుల్లతో గీసే అవసరం ఎవరికుందని ఇదే జాబ్స్ వెక్కిరించాడు, అయినా పుల్ల వచ్చింది. కాలిక్యులేటర్ రాలేదు. 2016లో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయింది. ఒకటిని నాలుగు చేశారు, అది కూడా లెక్కే, అయినా రాలేదు. 2017లో ఒక ప్రకటన తీశారు. అందులో ఐప్యాడ్ పట్టుకున్న పిల్లను, కంప్యూటర్‌తో ఏం చేస్తున్నావని పక్కింటావిడ అడిగితే, కంప్యూటరంటే ఏమిటని ఆ పిల్ల ఎదురడుగుతుంది. కూడికలూ తీసివేతలూ చేసేది తల్లీ అని ఎవరైనా చెప్పాల్సింది. 2020లో సింగరేణి కంపెనీకి నూరేళ్లు నిండాయి. 2021లో మా రిటైర్మెంట్ వయసు అరవై నుంచి అరవై ఒకటికి పెరిగింది. అరవైకి ఒకటి కలిపితే అరవై ఒకటని మాకు మామూలు కాలిక్యులేటర్ మీదే తెలిసింది.

కాలిక్యులేటర్ ఎందుకు పెట్టలేదని 2020లో ఒక యూట్యూబర్ అడిగితే, ఐప్యాడ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ పెద్ద క్రెయిగ్ ఫెడెరిగీ చెప్పిన జవాబు సారాంశం ఇది: నిజంగా గొప్పగా చేయగలిగినప్పుడే చేస్తాం, ఏదో చేశామనిపించుకోవడానికి చేయం. ఇదే మాట మా బాయిలో ఒక బదిలీ వర్కర్ అన్నాడనుకోండి. “సార్, బొగ్గు టబ్బు నింపుడుల నాకింక గొప్ప ఉపాయం తట్టలె. తట్టినంక నింపుత.” పద్నాలుగేళ్లు! ఓవర్‌మెన్ ఏమంటాడో పత్రికలో రాయలేను. చార్జిషీటు వస్తుంది. యూనియన్ వాళ్లు మేనేజర్ దగ్గరికి పోయి, “కుర్రాడు ఆలోచిస్తున్నడు సార్” అని సర్దిచెప్పబోతారు. మేనేజర్ వాళ్లనూ ఆలోచించుకోమంటాడు.

ఆఖరికి 2024 మేలో 2,800 కోట్ల ట్రాన్సిస్టర్లున్న చిప్‌తో, 5.1 మిల్లీమీటర్ల మందంతో కొత్త ఐప్యాడ్ తెచ్చారు. అప్పటికీ రెండు రెళ్లు కట్టాలంటే వేరేవాళ్ల యాప్ దింపుకోవాల్సిందే. కాలిక్యులేటర్ ఆ సెప్టెంబర్‌లో వచ్చింది. ట్రాన్సిస్టర్లను లెక్కపెట్టిన వాళ్లు అంతదాకా వేళ్ల మీద లెక్కపెట్టారా అన్నది నాకు పీడకలలా పట్టుకుంది. నా టాబ్‌లో కాలిక్యులేటర్ మొదటి రోజు నుంచే ఉంది. కాబట్టి ఈ గోలతో నాకు ఏ సంబంధమూ లేదు. అయినా మనసు ఊరుకోదు.

మంచి మాటలు కూడా రాయాలి, లేకపోతే మా బామ్మర్ది ఇది చదివి టాబ్ ధర అడుగుతాడు. 2023 మే 20న సంతకాలైన పదకొండో వేజ్‌బోర్డు ఒప్పందాన్ని అందులో పెట్టుకుని, పెన్నుతో గీతలు గీస్తూ చదువుతుంటే హాయిగా ఉంది. కరెంటు పోయినా తెర ఆరదు. మా ఆవిడ సీరియల్‌కు అది మహారాజు. చదవడానికీ చూడటానికీ దానికి సాటి లేదు. పని చెప్పినప్పుడే మొహం చాటేస్తుంది.

ఈ ముక్క రాస్తుంటే నవ్వు ఆగింది. ఎందుకంటే నేనూ ఒకరి స్థానంలోకి వచ్చినవాడినే.

మా నాన్న కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తే మనిషి. ఒంట్లో శక్తి అయిపోయి మెడికల్ అన్‌ఫిట్ అయితే, వారసత్వం కింద ఆ ఉద్యోగం నాకిచ్చారు. కాగితం మీద ఆయన పోయి నేను వచ్చాను. కొన్నాళ్లు దిగాను. ఆయన నింపే టబ్బుల్లో సగం కూడా నింపలేకపోయాను. చదువుకున్న కుర్రాడని యాక్టింగ్ క్లర్క్‌గా పైకి పిలిస్తే, వెనక్కి చూడకుండా ఎక్కాను. తెల్ల చొక్కా, దువ్వుకున్న క్రాపు, చేతిలో పెన్ను. ఆయనకన్నా ఎక్కువ మెరిశాను, ఎక్కువ జీతం తీసుకున్నాను. ఒక రాత్రి అన్నం తింటూ అడిగాడు: “నువ్వు నా జాగల వచ్చినవు, మంచిదే. మరి నేను నింపే టబ్బులు ఎవడు నింపుతున్నడు?”

నా దగ్గర జవాబు లేదు. కొన్నేళ్లకు బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు జవాబు చెప్పాయి. తట్టలు మూలకు చేరాయి. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న మా కంపెనీ మనుషులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. యంత్రాలు వచ్చినందుకు నాకు కోపం లేదు. ఆ బరువు ఇంకో కొడుకు నెత్తిన పడలేదు, మంచిదే. కానీ కప్పు చప్పుడు విని ఎటు జరగాలో ఆయనకు తెలిసేది. టబ్బు అంచు మీద పెళ్ల జారకుండా ఎలా సర్దాలో తెలిసేది. ఆ నేర్పుకు మస్టర్ వేసే రిజిస్టర్ నేనెక్కడా చూడలేదు. ఆయన స్థానం భర్తీ అయింది. ఆయన పనిని మాత్రం ఎవరూ అందుకోలేదు. నేను దిగిపోయాక నా కుర్చీ సంగతీ అంతే కావచ్చు. హాజరు ఇప్పటికే పుస్తకం వదిలి యంత్రాల మీదికి పోతోంది.

సరే, పని సంగతి. మొన్న ఆదివారం, సెలవు రోజున చేసే ప్లే డే డ్యూటీ మానుకుని, ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని మంచిర్యాల పోయాను. దారిలో ఇద్దరు ధర అడిగారు. రిపేరు కుర్రాడు మూత విప్పి, కీలు చూసి, పెదవి విరిచాడు.

“సార్, దీనికి ఇన్ని పైసలు పెట్టే బదులు ఇంకిన్ని ఏసుకుంటె టాబ్ వస్తది.”

“కీబోర్డుతోనా?”

కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. “అది వేరే కొనాలె సార్.”

మంచిర్యాలలో ఈ సీజన్‌లో నాకు నిజం చెప్పిన మొదటి మనిషి అతనే. బేరమాడకుండా కీలు వేయించుకున్నాను.