కేకు వదిన

బుచ్చిరెడ్డిపాలెంలో కోదండరాముడి గుడి ఒకటే. కేకు వదినలు మాత్రం వీధికొకరు.

ఆమెను గుర్తుపట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పొద్దున్నే ఊరంతా కారం దోసె వాసన వేస్తుంటే, ఒక్క ఇంటి కిటికీలోంచి వెనిలా ఎసెన్సు వాసన వస్తుంది. అదే ఆమె ఇల్లు. ముంజేతి మీద ఓవెన్ తగిలి కాలిన గీతలుంటాయి. గాజుల కంటే వాటినే ఎక్కువ చూపిస్తుంది. లోకంలో ఆమెకు తెలిసిన ఉష్ణోగ్రత ఒక్కటే. పిల్లాడికి జ్వరమెంతుందని డాక్టరు అడిగితే "నూట ఎనభై" అనేసి నాలుక కరుచుకుంటుంది.

ఈ జాతి 2020లో, లాక్‌డౌన్ రోజుల్లో పుట్టింది. బేకరీలు మూసేశారు, పిల్లల పుట్టినరోజులు మాత్రం ఆగలేదు. బిస్కెట్లు పొడి చేసి, పాలు కలిపి, ఈనో పొట్లం చించి పోసి, ప్రెషర్ కుక్కర్‌కి గాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున రాళ్ళుప్పు పరిచి, వదిన తొలి కేకు దించింది. అది పొంగింది. దానితోపాటు ఆమె కూడా పొంగింది. ఆ గాస్కెట్టు ఎక్కడ పెట్టిందో తెలియక వారం రోజులు ఇంట్లో పప్పు ఉడకలేదు గానీ, చరిత్రకారులు అలాంటివి పట్టించుకోరు. లాక్‌డౌన్ ఎత్తేశారు. వదిన ఎత్తలేదు. నెల్లూరు వెళ్ళి ఓవెన్, బటర్ పేపరు, కోకో పొడి కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. అప్పటినుంచి పిల్లాడి స్నాక్స్ డబ్బాకు సెలవులేదు.

ఆమెకొక సిద్ధాంతముంది: మైదా పాపం, రాగి పుణ్యం, చక్కెర విషం, బెల్లం మందు, డాల్డా నరకం, వెన్న కైలాసం. పాపాలన్నీ తీసేసి, ఆ కొలతకి ఆ కొలత పుణ్యాలు పోస్తే కేకు ఆరోగ్యమైపోతుందని ఆమె గట్టి నమ్మకం. చిక్కల్లా రాగిపిండితోనే. గోధుమలో ఉండే జిగురు, అదే గ్లూటెన్, రాగిలో ఉండదు. సోడా, పెరుగు కలిసి గాలి పుట్టిస్తాయి గానీ, ఆ గాలిని పట్టి ఉంచేవాళ్ళుండరు. ఇంట్లో చక్కగా కనబడ్డ ముక్క, బడి ఆటో రెండు స్పీడ్ బ్రేకర్లు ఎక్కిదిగేసరికి డబ్బాలో విభూతి అయిపోతుంది. కార్తీక మాసంలో గుడ్డు కూడా మానేస్తుంది కాబట్టి ఆ నెలంతా పిల్లాడు కేకును స్పూనుతో తింటాడు.

అత్తగారికి ఈ వ్యవహారమంతా వింతగా ఉంటుంది. "కింద నిప్పులు, మూత మీద నిప్పులు ఏసి దిబ్బరొట్టె కాల్చేవాళ్ళం గదమ్మాయ్. కరెంటు పోతే ఆగిపొయ్యే పొయ్యేందో మీది! డబ్బాలో శనక్కాయ ఉండ పెట్టి పంపరాదా?"

"ఉండలు పెడితే బాగుండదత్తయ్యా. అందరూ మఫిన్లు తెస్తున్నారు."

ఆ 'అందరూ' అన్న మాటలోనే వదిన బేకింగ్ శాస్త్రమంతా ఉంది. డబ్బా మోసేది పిల్లాడే గానీ, అందులో సరుకు వెళ్ళేది మిగతా అమ్మల దగ్గరికి. పిల్లాడు మూత తీసేలోపే ఆ ముక్క ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. ఎవరైనా చూసి తయారీ అడిగితే వదిన సంతోషంగా అన్నీ చెబుతుంది, ఒక్కటి తప్ప. ఒకసారి పెరుగు మరిచిపోతుంది, ఒకసారి సోడా. మర్నాడు వాళ్ళ కేకు ఇటుకలా గట్టిపడిందని తెలిస్తే, "చేతివాటం ఉండాలి లేమ్మా" అని ఓదారుస్తుంది.

మొగుడికి లెక్కలొచ్చు. అదే ఆయన దురదృష్టం. ఓ రాత్రి కాగితం మీద వేసి చూపించాడు: "రెండువందల గ్రాముల బెల్లం, ఎనిమిది ముక్కలు. ముక్కకు పాతిక గ్రాములు. రోజు మొత్తానికి అంతకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, అదీ పెద్దవాళ్ళకి."

"వాళ్ళు చెప్పింది చక్కెర సంగతండీ. మనది బెల్లం."

"బెల్లం కూడా ఆ లెక్కలోకే వస్తుందే."

"వాళ్ళు మన బెల్లం తిని ఉండరు."

2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నిట్లో చక్కెర బోర్డులు పెట్టమంది: ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా రాయాలి. పిల్లాడి బడిలో బోర్డు కట్టినరోజు వదిన దాని ముందు నిలబడి, పక్కింటావిడకు వినబడేలా చదివింది. కూల్‌డ్రింకు లైను దగ్గర నిట్టూర్చింది. కేకు లైను దగ్గర ఫోను మోగినట్టుంది, పక్కకెళ్ళింది. కొవ్వూ ఉప్పూ చక్కెరా ఎక్కువున్న సరుకు బడికి 50 మీటర్ల లోపల అమ్మకూడదని 2020లో కేంద్రం నిబంధన కూడా తెచ్చింది. వదిన దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తుంది. ఆమె అమ్మడం లేదు కదా!

ఇక పిల్లాడు. మూడో తరగతి. వ్యాపారంలో దిట్ట. సాయంత్రం ట్యూషన్‌కి ప్రభుత్వ బడి పిల్లలు కూడా వస్తారు. వాళ్ళకు 2020 నుంచి వారంలో కొన్ని రోజులు మధ్యాహ్న భోజనంతోపాటు శనక్కాయ చిక్కీ ఇస్తున్నారు. 2023 మార్చి నుంచి మిగతా రోజుల్లో రాగిజావ. అంటే రాగి, బెల్లం, శనక్కాయలు: వదిన నెల్లూరు దాకా వెళ్ళి, యూట్యూబు చూసి, చెయ్యి కాల్చుకుని సాధిస్తున్నదంతా అక్కడ వరసలో నిలబడితే వస్తుంది. చిక్కీ ఇచ్చిన రోజు ట్యూషన్ అరుగు మీద బేరం సాగుతుంది. రేటు స్థిరం: ఒక చిక్కీకి రెండు రాగి బ్రౌనీలు.

ఈ సంగతి ఒకరోజు బ్యాగులో దొరికిన చిక్కీ కాగితం వల్ల బయటపడింది. అత్తగారు ఏమీ అనలేదు. శనక్కాయల డబ్బా మాత్రం తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. ఇంకొకరైతే ఆ రాత్రికి ఓవెన్ అటకెక్కించేవాళ్ళే. వదిన అలా కాదు. శనక్కాయలు వేయించింది, బెల్లం పాకం పట్టింది, అత్తగారి ముఖం వెలుగుతుండగానే అందులో ఓట్సూ, గుమ్మడి గింజలూ, కోకో పొడీ కుమ్మరించి, ట్రేలో పరిచి, నూట ఎనభై దగ్గర పెట్టింది. మర్నాడు స్టేటస్‌లో 'హోమ్‌మేడ్ చిక్కీ బార్' వెలిసింది.

సాయంత్రం పిల్లాడు ట్యూషన్ నుంచి దిగులుగా వచ్చాడు.

"ఏమైంది కన్నా? తిన్నారా మన చిక్కీ?"

"రేటు పడిపోయిందమ్మా. ఇప్పుడు వాళ్ళ చిక్కీ ఒకటికి నీవి మూడు అడుగుతున్నారు."