మేం డౌన్‌టౌన్‌కి పోతుండాం

గూడూరులో గార్డుగా రిటైరైన మనిషికి రెండు జబ్బులు ఖాయం. ఒకటి షుగరు, రెండోది టైమ్‌టేబులు. కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేరయితే మూడోదీ వచ్చి చేరుతుంది: కొడుకు పనిచేసే కంపెనీని ఈయన గూడూరులో కూర్చుని నడపడం మొదలుపెడతాడు.

ఈ రకం మనిషిని పట్టుకోవడం కష్టం కాదు. పొద్దున ఆరున్నరకి స్టేషన్ రోడ్డులో ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడి, ‘మేము’ అనే మాట ఎవరి నోట ఎక్కువ వస్తుందో వింటే చాలు. మిగతావాళ్ళ ‘మేము’లో ఇల్లూ, పొలమూ, మహా అయితే యూనియనూ ఉంటాయి. ఈయన ‘మేము’లో మోటరోలా ఉంటుంది. “ఈ ఏడు మేం ఫోన్ల మోడళ్ళు రొంత తగ్గిస్తుండాం” అంటాడు, చక్కెర లేని టీ ఊదుకుంటూ. నిమ్మకాయల మార్కెట్టుకి పోతూ ఆగిన కమీషన్ వ్యాపారి, గార్డుగారు ఫోన్ల వ్యాపారంలోకి ఎప్పుడు దిగాడా అని ఒక గుక్కసేపు ఆలోచించి, ఢిల్లీ లారీ గుర్తొచ్చి పరుగు తీస్తాడు.

కంపెనీ చరిత్ర ఈయన చెప్పగా వినాలి. 1928లో షికాగోలో గాల్విన్ అన్నదమ్ములు పెట్టింది. 1973లో చేతిలో పట్టుకునే సెల్‌ఫోన్‌తో మొట్టమొదట మాట్లాడింది వీళ్ళ ఇంజనీరే. 2011 జనవరిలో ఇంట్లో పంపకాలయ్యాయి. పోలీసులకీ అగ్నిమాపక దళాలకీ వైర్‌లెస్ సెట్లు చేసే మోటరోలా సొల్యూషన్స్ షాంబర్గ్‌లో పాత ఇంట్లోనే ఉండిపోయింది. సెల్‌ఫోన్లు చేసే మోటరోలా మొబిలిటీ వాటాకి లిబర్టీవిల్ క్యాంపస్ వచ్చింది. షికాగోకి ఉత్తరాన 35 మైళ్ళు, 84 ఎకరాలు. ఈ ఎకరాల దగ్గర ఆయన కాస్త ఆగుతాడు, వినేవాళ్ళలో రైతులుంటే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతాడు.

కొడుకు ఉండేది మొబిలిటీ వాటాలో. పక్కనే వెర్నన్ హిల్స్‌లో ఇల్లు కొన్నాడు. కారులో పది నిమిషాలు, మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని పోవచ్చు. ఇన్ని దేశాలు దాటిపోయి కూడా కొడుకు ఇంటి అన్నం తింటున్నాడు; వాళ్ళమ్మకి కంపెనీ మీద గౌరవం కలిగింది ఆ ఒక్క కారణానికే.

2012 మే నెలలో గూగుల్ ఈ మొబిలిటీని పన్నెండున్నర బిలియన్ డాలర్లకి కొనడం పూర్తయింది. ఆ వారంలో గార్డుగారి నడక మారిపోయింది. రెండోవాడికి సంబంధాలు చూస్తున్న రోజులవి. పెళ్ళిళ్ళ పేరయ్యకి “పెద్దోడు గూగుల్” అని రాయించాడు. అబద్ధం అనడానికి లేదు, నిజం అనడానికి నోరు రాదు. జూలైలో ఇంకో కబురు: లిబర్టీవిల్ ఖాళీ చేసి దాదాపు 3,000 ఉద్యోగాల్ని షికాగో నడిబొడ్డున మర్చండైజ్ మార్ట్ అనే భవనంలోకి మారుస్తారట. మేయరు రామ్ ఇమాన్యుయేల్ పక్కన నిలబడి ప్రకటించారు. గూడూరు ప్రకటన మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర విడుదలైంది. “మేం డౌన్‌టౌన్‌కి పోతుండాం.”

“అంటే ప్రమోషనా సార్?” అని అడిగాడు టీ మాస్టరు.

“ఇంకేందనుకున్నావు!”

రైల్వేలో నలభై ఏళ్ళు చేసినవాడికి బదిలీకీ ప్రమోషనుకీ తేడా తెలియదంటే ఎవరూ నమ్మరు. తన సర్వీసులో ఏ బదిలీనీ ప్రమోషనని ఆయన ఒప్పుకున్నవాడు కాదు. విజయవాడకి వేస్తే డివిజనల్ ఆఫీసు చుట్టూ తిరిగి ఆర్డరు మార్పించుకునేదాకా నిద్రపోయేవాడు కాదు. కొడుకు బదిలీ అయ్యేసరికి శాస్త్రం తిరగబడింది.

ఆగస్టులో మాత్రం ఆయన రెండు వారాలు టీకి రాలేదు. ప్రపంచమంతటా 4,000 మందిని, అంటే కంపెనీలో ఐదో వంతు మందిని తీసేస్తున్నామని మోటరోలా మొబిలిటీ చెప్పింది ఆ నెలలోనే. కొడుకు సీటు నిలిచిందని తెలిశాక వచ్చి కూర్చుని, “మేం రొంత సన్నబడతా ఉండాం, ఆరోగ్యానికి మంచిదే” అన్నాడు. ఆ రెండు వారాల సంగతి ఎవరూ అడగలేదు. గూడూరు మర్యాద గల ఊరు.

తర్వాత పటం పరిచాడు. షికాగో చుట్టుపక్కలి ఊళ్ళని నగరానికి కలిపే లోకల్ రైళ్ళని మెట్రా అంటారు. కొడుకు పంపిన టైమ్‌టేబుల్‌ని ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, పాత గార్డు డైరీలో మడతలు పెట్టి అంటించి, ఎర్ర పెన్సిలుతో ఒక లైను, నీలం పెన్సిలుతో ఇంకో లైను గీశాడు. రెండూ యూనియన్ స్టేషన్‌కే చేరతాయి. ఇంటి దగ్గరి వెర్నన్ హిల్స్ స్టేషన్ ఉన్నది నార్త్ సెంట్రల్ లైను మీద. బళ్ళు తక్కువ, శని ఆదివారాలు అసలు లేవు. ఇది చూసి ఆయన నొచ్చుకున్నాడు. ఒక వైపు మద్రాసు, ఒక వైపు బెజవాడ, ఒక వైపు రేణిగుంట, మూడు దిక్కులకీ బళ్ళు పంపే జంక్షన్‌లో పెరిగిన పిల్లాడు పోయి పోయి బ్రాంచి లైను పక్కన ఇల్లు కొనడమా? అర్ధరాత్రి ఫోను చేసి సలహా ఇచ్చాడు: “అబ్బయ్యా, నువ్వు కారేసుకుని లిబర్టీవిల్ పో. అక్కడ మిల్వాకీ లైను పట్టుకో. మెయిన్ లైను మెయిన్ లైనే.” అంటే కొడుకు ఇకమీద పాత ఆఫీసు ఉన్న ఊరికి కారులో పోయి, అక్కడ రైలెక్కి గంట కూర్చుని, దిగి పావుగంట నడిచి కొత్త ఆఫీసుకి చేరాలి. దీన్నే ఈయన ‘కనెక్టివిటీ పెరిగింది’ అన్నాడు.

దూరం ఎంతో టీ కొట్టులో తెలిసేట్టు చెప్పాడు: గూడూరు నుంచి సూళ్ళూరుపేట. అబ్బో అనుకున్నవాళ్ళు లేరు. సూళ్ళూరుపేటకి రోజూ పోయొచ్చేవాళ్ళు బల్ల మీదే ఇద్దరున్నారు, అమెరికా పోకుండానే.

అసలు కంపెనీ ఎందుకు కదిలిందన్నది వేరే కథ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా కంపెనీలు ఊరి బయట పచ్చిక మైదానాలూ, పెద్ద పెద్ద కార్ల పార్కింగులూ చూసుకుని బయటికి పోయాయి. మోటరోలా కూడా 1970ల్లో షాంబర్గ్ చేరింది అలాగే. 2010 దాటేసరికి గాలి మళ్ళింది. కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ ఇంజనీర్లు నగరం మధ్యలో చిన్న ఫ్లాటులో ఉంటాం, కారు కొనం, రాత్రి పదింటికి కాఫీ దొరకాలి అన్నారు. వాళ్ళు కావాలంటే వాళ్ళున్న చోటికి పోవాలి గనక కంపెనీలు పోయాయి. ఇద్దరు పిల్లలూ, ఇంటి అప్పూ, వెనకాల కరివేపాకు కుండీ ఉన్న ఇంజనీరు కోసం ఎవరూ ఆఫీసు మార్చలేదు. గార్డుగారి అబ్బాయికి అప్పటికే నలభై దగ్గర పడింది. ఈ ఒక్క ముక్క తప్ప మిగతా విశ్లేషణంతా తండ్రి నోట వినవచ్చు.

వాళ్ళమ్మకి ఈ ముక్క ఒక్కటే అర్థమైంది. “పిల్లకాయలు నిద్ర లేవకముందే పోతాడంట, పడుకున్నాక వస్తాడంట. ఇదేం మారడం?” అని ఆమె అడిగితే, గార్డుగారు డైరీ తెరిచి 5.35 బండి చూపించాడు. ఆమె డైరీ చూడలేదు.

టీ బల్ల మీద పోటీదారులు లేకపోలేదు. ఒకాయన కూతురు హైదరాబాదులో ఉద్యోగం. ఆయన వాదన సూటిగా ఉంటుంది: మన దగ్గర పెరిగే కంపెనీ ఊళ్ళోంచి బయటికి పోవాలి గానీ లోపలికి రావడమేంటి? 1987లో సికింద్రాబాదులో పుట్టిన సత్యం ఊరవతల బహదూర్‌పల్లి దాకా పోలేదా? 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు మాదాపూర్‌లో ఏముంది, బండరాళ్ళు. ఆఫీసు పోయి రాళ్ళలో కూర్చుంటే ఊరే వెతుక్కుంటూ వెనకాల పోయింది. “మీ షికాగోలో ఆఫీసే ఊరి వెనకాల తిరుగుతుండాదే!” అన్నాడాయన. గార్డుగారు ఆ రోజు జవాబివ్వలేదు, మర్నాడు తెచ్చాడు. మర్చండైజ్ మార్ట్ కట్టింది 1930లో. నలభై లక్షల చదరపు అడుగులు. ఒకప్పుడు కెన్నెడీల కుటుంబానిది. 2008 దాకా ఆ ఒక్క బిల్డింగుకే సొంత పిన్‌కోడ్ ఉండేది. హైదరాబాదు తండ్రి ఈ పిన్‌కోడ్ దగ్గర ఓడిపోయాడు.

ఇంతలో పెద్ద దెబ్బ తగిలింది. సామాన్లు సర్దుకుంటుండగానే, 2014 జనవరి 29న, గూగుల్ ఈ కంపెనీని చైనాకి చెందిన లెనోవోకి 2.91 బిలియన్ డాలర్లకి అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. ఇల్లు మారేలోపు ఇంటిపేరు మారింది. రెండోవాడి పెళ్ళి అప్పటికి అయిపోయింది కాబట్టి సరిపోయింది గానీ, వియ్యంకుడు ఫోను చేసి “బావగారూ, మనం ఇప్పుడు గూగులా, చైనానా?” అని అడిగితే గార్డుగారు లైన్లో గరగర ఎక్కువగా ఉందన్నాడు.

ఆయన తేరుకోవడానికి సరిగ్గా వారం పట్టింది. ఫిబ్రవరిలో మోటో జీ ఫోను ఇండియాకి వచ్చింది. ఫ్లిప్‌కార్టులో మాత్రమే దొరుకుతుంది, 12,499 రూపాయలు. కొరియర్ తెచ్చిన పెట్టెని ఇంట్లో విప్పకుండా టీ కొట్టుకి తెచ్చాడు. బల్ల తుడిపించి, అందరి ముందూ అట్టపెట్టె విప్పి, ఫోను వెనకవైపు తిప్పి అక్కడున్న ‘ఎం’ అక్షరం గుంట మీద వేలు పెట్టించాడు. “ఇది మాదే” అన్నాడు. కొడుకు ఆ ఫోన్ల సాఫ్ట్‌వేరులో ఏ మూల పని చేస్తాడో ఎవరూ అడగలేదు. అడిగినా బ్యాటరీ గురించే చెప్పేవాడు.

ఆ ఏప్రిల్‌లో కొత్త ఆఫీసు ప్రారంభమైంది, వేసవిలో తల్లిదండ్రులు వీసా మీద ఆరు నెలలకి దిగారు. గార్డుగారు గుడికి వెళ్ళకముందే యూనియన్ స్టేషన్‌కి వెళ్ళాడు. అక్కడ ఆయన చూసినది ఊళ్ళో ఇప్పటికీ చెబుతాడు. పొద్దున నగరంలోకి వచ్చే బండికి ఇంజను ముందు లేదు. వెనకుండి నెడుతోంది! ముందు పెట్టెలో చిన్న గదిలో డ్రైవరు కూర్చున్నాడు. సాయంత్రం అదే ఇంజను ముందుండి లాక్కుపోతుంది. ఇక తిప్పే పనే లేదు. పెట్టెలు రెండంతస్తులవి, పై అంతస్తు మధ్యలో ఖాళీ వదిలేశారు, టిక్కెట్లు చూసే కండక్టరు కింద నడుస్తూనే చెయ్యి పైకి చాపి పైవాళ్ళవీ చూస్తాడు. “పచ్చ జెండా యాడ?” అని గార్డుగారు ఆ కండక్టరుని అడిగాడట. తెలుగులోనే అడిగి ఉంటాడు.

మార్ట్ లోపలికి పోయాక ఆయన గొంతు కాస్త తగ్గింది. లిబర్టీవిల్‌లో కొడుక్కి మూడు అడ్డగోడలైనా ఉండేవి, వాటి మీద తిరుపతి క్యాలెండరు ఉండేది. ఇక్కడ గోడల్లేవు, పొడుగాటి బల్లలు, రైలు సిబ్బంది దిగే రన్నింగ్ రూములో భోజనాల దగ్గర కూర్చున్నట్టు అందరూ ఒకే వరసలో. “నీ పేరు బోర్డు యాడుండాది?” అని అడిగాడు. కొడుకు కంప్యూటరు తెర చూపించాడు. బయటికొచ్చి నది ఒడ్డున ఫోటో దిగేటప్పుడు మాత్రం బిల్డింగు పైఅంతస్తులన్నీ పడేలా ఫోటోగ్రాఫరుని రోడ్డు దాటించాడు.

తిరిగొచ్చాక విజయాలే విజయాలు. 2016లో షాంబర్గ్ పాలివాళ్ళు, అంటే సొల్యూషన్స్ వాటా, తమ ప్రధాన కార్యాలయాన్ని షికాగో డౌన్‌టౌన్‌కే తెచ్చుకున్నారు. “చూడు, మా వెనకాలే వచ్చేశారు.” 2018లో మెక్‌డొనాల్డ్స్ కూడా ఓక్ బ్రూక్ వదిలి నగరంలోకి వచ్చింది. “హోటలోళ్ళు కూడా.” 2022 జనవరిలో రైల్వే శాఖ గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టింది. రిటైరైన ఇన్నేళ్ళకి వచ్చిన ఈ ప్రమోషన్‌ని ఆయన పాత తేదీతో అమలు చేసుకుని, ఇంటి గేటు మీద పలక మార్పించాడు.

ఆయనకి కొరుకుడు పడనిది ఒకే ఒక్క మనిషి. బల్ల చివర కూర్చునే బడిపంతులు. వాళ్ళబ్బాయి జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు, రేణిగుంట ఆఫీసులో. ఆ కంపెనీ అప్పటి అధిపతి శ్రీధర్ వెంబు కాలిఫోర్నియా వదిలి తమిళనాట తెన్‌కాశి దగ్గర పల్లెలో కాపురం పెట్టాడని పంతులు ఒకసారి నోరు జారితే, “అట్టాంటి కంపెనీ ఎట్టా బతుకుతుందబ్బా!” అని గార్డుగారు నిజంగానే దిగులుపడ్డాడు. పంతులుగారి అబ్బాయి సాయంత్రం బండికి గూడూరు వచ్చి, అమ్మ చేతి చేపల పులుసు తిని, పొద్దున బండికి పోతాడు. ఈ సమాచారం పంతులు ఎప్పుడూ గొప్పగా చెప్పడు. అదే గార్డుగారికి కోపం.

కరోనా వచ్చి అందరి ఆఫీసులూ ఇళ్ళకి చేరిన ఏడాది, టీ కొట్టు మళ్ళీ తెరిచిన మొదటి వారంలో, ముక్కు కిందికి జారిన మాస్కుతో ఆయన తాజా పరిస్థితి వివరించాడు. “ఇప్పుడు మేం వెర్నన్ హిల్స్‌లోనే ఉండాం. మావోడి ఇంట్లో, కింద బేస్‌మెంటులో. అద్దె లేదు, రైలు లేదు.”

పంతులు గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అడిగాడు. “అయితే అన్నా, అక్కడ ఇంట్లో కూర్చుని చేసేది, ఇక్కడ గూడూరులో మీ మిద్దె మీద కూర్చుని చెయ్యకూడదా?”

బల్ల మీద పదిమందీ గార్డుగారి వైపు తిరిగారు. ఆయన మాస్కు పైకి లాక్కుని, “ఆ ప్రపోజలు మా దాకా ఇంకా రాలేదు” అని చెప్పి, రెండు టీలకీ తనే డబ్బులిచ్చి లేచాడు.