అమ్మ డబ్బా, నాన్న బాణం

జీవితం కూడా సిస్టమేనని తేలిపోయింది కాబట్టి ఇక మనం బతకక్కర్లేదు, డిజైన్ చేసుకుంటే చాలు. కొత్త ఏడాది తీర్మానాలు పాతబడ్డాయి. ఇప్పుడు మర్యాదస్తుడికి సొంత ‘లైఫ్ ఆర్కిటెక్చర్’ ఉండాలి. నిద్ర ఇన్‌పుట్, జీతం అవుట్‌పుట్, పెళ్లాం స్టేక్‌హోల్డర్, పిల్లలు డెలివరబుల్స్. మా మేనల్లుడు ఉండే గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌసులో ఆమధ్య ఒక ఆదివారం దీనిమీదే వర్క్‌షాపు జరిగింది. భోజనంతో కలిపి ఫీజు. భోజనం బాగుందని విన్నాను.

మావాడిది కోకాపేటలో ఇరవై మూడో అంతస్తు. వాళ్ల ఫ్రిజ్ మీద కాన్‌బాన్ బోర్డు ఎప్పటినుంచో ఉంది: చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. మొదటి వరుసలో ‘నాన్నతో మాట్లాడాలి’ అన్న పసుపు చీటీ ఉగాది నుంచి అక్కడే అంటుకుని ఉంది. నాన్న మాత్రం ఆ ఫ్రిజ్‌కి ఆరడుగుల దూరంలో సోఫాలో ఉంటాడు.

ఆ ఆదివారం సాయంత్రం వీడు చార్టు చుట్టతో ఇంటికొచ్చి దాన్ని హాలు గోడకి అంటించాడు. మధ్యలో పెద్ద డబ్బా గీసి లోపల ‘అమ్మ’ అని రాశాడు. అంటే మా అక్కయ్య. ఆ డబ్బాలోంచి నలుదిక్కులా బాణాలు: పాలు, టిఫిన్, పిల్లల స్కూలు బస్సు, గ్యాసు బండ, పనమ్మాయి, బావగారి బీపీ మాత్రలు, ఊళ్లో పొలం కౌలు, అమెరికాలో కూతురి పురుడు. బావగారికి డబ్బా కూడా దక్కలేదు. ఆయన ఒక బాణం. సోఫా దగ్గర బయల్దేరి పేపరు దగ్గర ఆగిపోతుంది.

“మావయ్యా, పెద్ద ఇన్‌సైట్ దొరికింది. మన ఇంట్లో అమ్మే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్!”

అక్కయ్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. “ఏంట్రా తమ్ముడూ, వీడు నన్ను ఫెయిల్యూర్ అంటున్నాడు?”

“అది కాదమ్మా. నువ్వు పడుకుంటే ఇల్లంతా పడుకుంటుందని.”

“ఆ ముక్కకి డబ్బు కట్టి వచ్చావా? మీ నాన్నమ్మ నన్ను కాపురానికి తెచ్చుకున్న రోజే చెప్పింది. ఊరికే చెప్పింది.”

సరే, లోపం దొరికింది. దొరికాక వీడేం చేశాడు? అమ్మ చేతికి ఒక వాచీ కట్టాడు. ఎన్ని అడుగులు నడిచింది, ఎన్ని గంటలు పడుకుంది, గుండె ఎలా కొట్టుకుంటోంది, అన్నీ వీడి ఫోనులోకి వస్తాయి. నిద్ర ఆరు గంటలు దాటితే పచ్చరంగు, లేకపోతే ఎరుపు. వారమంతా ఎరుపే. సోమవారం పొద్దున సమీక్షలో “అమ్మా, నీ రికవరీ బాగాలేదు” అని తేల్చాడు. ఆ సమీక్ష ఆవిడ నిలబడే వింది. అప్పుడు వీడి దోసె తిరగేస్తోంది మరి.

ఆ తర్వాత మూలకారణం తవ్వాడు. టయోటా వాళ్లు నేర్పిన పద్ధతి ఉందిగా, అయిదుసార్లు ‘ఎందుకు’ అని అడగడం. అమ్మకి నిద్ర ఎందుకు చాలట్లేదు? నాలుగున్నరకే లేస్తోంది కాబట్టి. ఎందుకు లేస్తోంది? ఆరింటికల్లా మొలకలు, ఉడకబెట్టిన గుడ్లు, రాగిజావ సిద్ధంగా ఉండాలి కాబట్టి. ఎందుకు ఉండాలి? మూడో ‘ఎందుకు’ దగ్గర దారి సొంత కంచం వైపు తిరిగింది. తవ్వకం అక్కడితో ఆగింది. చార్టులో మాత్రం ‘అమ్మ: త్వరగా పడుకోవాలి’ అని రాసుకున్నాడు.

అదే టయోటా కార్ఖానాలో తప్పు కనబడితే మామూలు కార్మికుడైనా ఒక తాడు లాగి లైను ఆపించొచ్చు. ఆ తాడు సంగతి ఏ వర్క్‌షాపులోనూ చెప్పరు. వంటింట్లో కడితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేసినవాణ్ణి. అందుకే ఒళ్లు మండుతోంది. మా దగ్గర ‘ఎన్ మైనస్ వన్’ అని ఒక నియమం ఉంది. ఒక లైనో ఒక ట్రాన్స్‌ఫార్మరో పడిపోతే మిగతావి ఆ భారం మోసి నిలబడాలి. నిలబడాలంటే మామూలు రోజుల్లో దేన్నీ దాని శక్తి కొసకంటా వాడకూడదు, కొంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీ లేకపోతే ఏమవుతుందో 2012 జూలై 30, 31 తేదీల్లో దేశం చూసింది. బీనా-గ్వాలియర్ మధ్య ఒక లైను పనుల కోసం షట్‌డౌన్‌లో ఉంది, పక్కదాని మీద భారం పడింది, అది ట్రిప్పయింది. రెండో రోజుకి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. 60 కోట్లమందికి పైగా జనానికి కరెంటు పోయింది. అప్పటికి మన దక్షిణాది గ్రిడ్ వాటితో పూర్తిగా ముడిపడలేదు కాబట్టి మనం బతికిపోయాం. ఆ మర్నాడు ఎవరూ లైను దగ్గరికెళ్లి “నీ రికవరీ బాగాలేదు” అనలేదు.

ఒక్కదాని మీదే అంతా ఆధారపడి ఉందని తెలిశాక పక్కన రెండోదాన్ని నిలబెట్టాలి. అదీ ఇంజినీరింగ్. ఉన్నదానికే మీటరు బిగించి ఊరుకోవడం మోసం. ఆడమనిషి చాకిరీకి ఇంగ్లిషులో పేరు పెట్టి, రంగులు వేసి, ఆవిడకే చూపించడాన్ని ఏమంటారో నాకు తెలుసుగానీ పత్రికలో అచ్చెయ్యరు.

ఉద్యోగాల్లోనూ ఇదే బొమ్మ. నువ్వొక సిస్టమ్‌వి, నీ ఎదుగుదల నీ డిజైన్. ప్రమోషన్ రాలేదా, నీ ఫీడ్‌బ్యాక్ లూప్‌లో లోపం. ఉద్యోగం పీకారా, నీ ఆర్కిటెక్చర్ పాతబడింది. పీకినవాడి బొమ్మ ఎక్కడా ఉండదు. యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు సెలవిచ్చారు. ఆ తర్వాత ఇంకొకాయన 90 దాకా పాడాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కి వైండింగ్ వేడెక్కితే ముందు అలారం మోగుతుంది, ఇంకా ఎక్కితే దానంతటదే ట్రిప్పవుతుంది. దాన్ని ఎవరూ సోమరి అనరు. మాదాపూర్‌లో కుర్రాడికి ఆపాటి రక్షణ కూడా లేదు.

అసలు సిస్టమంటే ఏమిటో మన శ్రీహరికోటలోనే ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి రాకెట్ సముద్రంలో పడింది. దానికి ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. పత్రికలవాళ్ల ముందు నిలబడి బాధ్యత నెత్తినేసుకున్నది ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. 1980 జూలైలో రాకెట్ విజయవంతమయ్యాక అదే ధావన్ విలేకరుల ముందుకి కలాంని పంపారు. నింద పైకి, మెప్పు కిందికి. వర్క్‌షాపులవాళ్లు ఈ బాణాలను తలకిందులుగా గీస్తారు.

పోయిన వారం అక్కయ్య భీమవరంలో పెళ్లికని నాలుగు రోజులు వెళ్లింది. వాచీ విప్పి ఫ్రిజ్ మీద పెట్టి మరీ వెళ్లింది. నేను చూడ్డానికి వెళ్లేసరికి సింకు నిండా గిన్నెలు, ఒకపూట మాత్ర మరిచిన బావగారు. చార్టులో అమ్మ పక్కన కొత్తగా చుక్కల గీతలతో ఒక డబ్బా వెలిసింది. ‘బ్యాకప్’ అట. లోపల ఫుడ్ యాప్ పేరు.

నేను పెన్ను తీసుకుని ఆ పేరు కొట్టేసి వీడి పేరు రాశాను.

వాడు కాసేపు చూసి, “కాన్సెప్ట్ బాగుంది మావయ్యా, కానీ నాకు బ్యాండ్‌విడ్త్ లేదు” అన్నాడు.