బొంతపర్వం

కావ్యారంభాన ఇష్టదేవతను తలుచుకోవాలి కనుక ముందుగా కరెంటుకు దండం. ఆ తల్లి రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా కదలకుండా నిలిస్తేనే దయ్యాలకైనా మాకైనా బతుకు. తర్వాత కుకవినింద. సినిమా సగమయ్యాక వచ్చి కూచుని "గీమె సచ్చిపోయిందా, బతికే ఉందా?" అని అడిగే చుట్టాలను సరస్వతి క్షమించుగాక.

ఇక పురవర్ణన. కామారెడ్డి అను మహానగరం కలదు. 2016 దసరా నాడు నిజామాబాదు నుంచి విడివడి జిల్లా కిరీటం ధరించింది. దాని నడుమ రైలుపట్టాలు, రాత్రంతా కూతలు. పడమటి దిక్కున ఎల్లారెడ్డి. అక్కడ రైలు లేదు గానీ ఒకవైపు నిజాంసాగర్ నీళ్లు, ఇంకోవైపు పోచారం అడవి ఉన్నాయి. కామారెడ్డి దయ్యానికి రైలుకూత వంత పాడితే ఎల్లారెడ్డి దయ్యానికి కప్పలు పాడతాయి. ఏది ఎక్కువ భయమో మా మేనబావకూ నాకూ ఇరవై ఏళ్లుగా తెగని వాదం. ఆయనది ఎల్లారెడ్డి, ఓడినా ఒప్పుకోడు.

ఆ శనివారం టీవీలో 'అరుంధతి' వేస్తున్నారని తెలిసి రెండు ఊళ్లలోనూ రణభేరి మోగింది. ముందు మా ఆయుధాగారం చూడండి.

మొదటిది రిమోటు. వెనక మూత ఏనాడో రాలిపోగా నడుముకు రబ్బరు బ్యాండు బిగించుకుని నిలిచిన గద అది. బ్యాటరీలు అలిసినప్పుడు తీసి ఎండలో పెడతాం, అరచేతిలో నలుపుతాం, అయినా వినకపోతే గదనే గోడకు కొడతాం. దాని గుండీలన్నిట్లో అరిగి నున్నబడింది ఒక్కటే, మ్యూటు. గోరుతో నొక్కితే తప్ప పలకదు. అదే మా బ్రహ్మాస్త్రం. దయ్యం బలం మన కళ్లలో ఉండదు, చెవుల్లో ఉంటుంది. చప్పుడు తీసేస్తే పశుపతి అంతటివాడు కూడా బస్సు తప్పిపోయి కోపంగా ఉన్న సాధువులా కనిపిస్తాడు. సోనూ సూద్ ముఖం ఎంత వణికించినా, ఆ పాత్రకు గొంతిచ్చిన రవిశంకర్‌ను జనం ఈనాటికీ బొమ్మాళి రవిశంకర్ అనే పిలవడంలోని రహస్యం ఇదే.

రెండోది బొంత. అవ్వ పాత చీరలు నాలుగు, మా ఆవిడవి రెండు, బాపు పంచె ఒకటి కలిపి కుట్టిన ఏడు పొరల కవచం. కర్ణుడికి పుట్టుకతో వచ్చింది, మాకు మూటలోంచి వచ్చింది, అంతే తేడా. నీలం చీర దగ్గర కుట్టు విడిపోయి రూపాయి బిళ్లంత చిల్లు పడింది. మా బిడ్డ సినిమా మొత్తం ఆ గవాక్షంలోంచే చూస్తుంది. అక్కణ్నుంచి చూస్తే ఎంతటి దయ్యమైనా రూపాయి బిళ్లంతే.

మూడోది గంపెడు మక్కప్యాలాలు. వాటికి ఇంత వర్ణన అక్కర్లేదు, మొదటి పావుగంటలోనే వీరస్వర్గం చేరాయి.

ఇక మహారథి. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్నది మా అవ్వ. చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూలకు తంబాకు, మోకాలి పక్కన దారపుండ. చిటికెడు తంబాకు పరిచి, ఆకు చుట్టి, మూతి మడిచి, దారం తిప్పి పడేస్తుంది. ఆ వేళ్లు టీవీని చూడవు, చాటనూ చూడవు. నలభై ఏళ్లుగా అవ్వ చేతులు వెయ్యి బీడీల లెక్కనే నడిచాయి. 1992లో వచ్చిన రాంగోపాల్‌వర్మ 'రాత్రి'ని మా గల్లీ కిరాయి డెక్కు తెచ్చుకుని చూసినప్పుడూ, 1997లో ఈటీవీ 'అన్వేషిత'కు వాడంతా తలుపులు బిగించుకున్నప్పుడూ ఆమె ఇలాగే చుడుతూ ఉంది. ఒక్కసారి మాత్రం 2021లో ఫోన్లో 'మా ఊరి పొలిమేర' పెడితే, చేతబడి మాట రాగానే "బందువెట్టు" అన్నది. బాణామతి అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టిన వార్తలు మెదక్ దిక్కు నుంచి విని ఉన్న మనిషి. అది ఆమెకు సినిమా కాదు. ఆ రాత్రి మేమూ మాట్లాడకుండా బందు చేశాం.

సరే, యుద్ధం. గద్వాల కోట కథ, బనగానపల్లె బంగళా తెర. సమాధి కదిలింది. బిడ్డ గవాక్షం మూసింది. కొడుకు టీవీ ముందునుంచి జరిగి జరిగి నా వీపు వెనక తేలాడు. వాడికి ఎవరో '13బి' కథ చెప్పారట, టీవీ సీరియలే దయ్యమై ఇంటిమీద పడుతుందని. సరిగ్గా అప్పుడు స్టేషన్ దిక్కున రైలు కూసింది. మా ఆవిడ చేతిలోని చెంబు ఒరిగింది. ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు కావాలంటారు. జలక్రీడ ఎలా కుదురుతుందా అని చూస్తున్నా, కుదిరింది. నేను గోరుతో బ్రహ్మాస్త్రం నొక్కాను. పలకలేదు. మళ్లీ నొక్కాను. గోడకు కొట్టాను. బ్యాటరీ ఒకటి ఎగిరి మంచం కిందికి దొర్లింది. మంచం కిందికి చెయ్యి పెట్టే వీరుడు మా వంశంలో పుట్టలేదు.

"నాయనమ్మా, నీకు భయం గాదా?" బొంతలోంచి బిడ్డ గొంతు.

"గీయన మా కార్ఖాన సేటు కన్న గట్టిగ ఒర్లుతడా బిడ్డా? సప్పుడు తక్కువ చేయుండ్రి, లెక్క తప్పుతది."

అంతలో నారదుడిలా ప్రకటన దిగింది. పశుపతి పైకి లేచిన చెయ్యి అట్లాగే ఉండగా ఎవరో నవ్వుతూ బంగారం కుదువ పెట్టమన్నారు. ఆ విరామంలో ఎల్లారెడ్డి నుంచి ఫోన్. "ఏం బావా, లైట్లు ఏసుకున్నరా?" "మేమెందుకు ఏసుకుంటం?" అన్నాను, నాలుగు లైట్ల వెలుగులో.

యుద్ధానంతరం వెనకవాకిట్లోకి ఊరేగింపు సాగింది. ముందు బ్యాటరీ లైటుతో నేను, నా అంగీ పట్టుకుని కొడుకు, వాడి నిక్కరు పట్టుకుని బిడ్డ, చివర తలుపు దగ్గరే ఆగిపోయిన మా ఆవిడ. అవ్వ మాత్రం చాట పక్కన పెట్టి, అందరికన్నా ముందు గురకపెట్టింది.

మర్నాడు కార్ఖానాలో ఆమె కట్టలు విప్పి చూశారు. పద్నాలుగు బీడీల్లో తంబాకు లేదు, ఉత్త ఆకే.