గోనెలు మారినా ఎద్దు ఒక్కటే

హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి పాపన్నపేటకు తిరిగొచ్చిన ఆర్టిస్టును గుర్తుపట్టడం తేలిక. గోళ్ళ సందుల్లో నల్లసిరా, భుజాన గుడ్డసంచి, చూపు మాత్రం ఎప్పుడూ ఎదుటివాళ్ళ సామాను మీద. దండెం మీది లుంగీ, గడపలో పడున్న యూరియా సంచి, కట్ట విప్పని విస్తరాకులు... ఏది కనబడినా దాని మీద అచ్చు ఎట్లా పడుతుందో లెక్కలు వేసుకుంటాడు. కాగితం మీద ప్రింటు తీయడం ఆయనకు నామోషీ. "కాయిదం మీద ఎవడైనా ఏస్తడన్నా! సర్ఫేస్‌ను చాలెంజ్ చెయ్యాలె" అంటాడు. ఆ చాలెంజ్‌కు దొరికే సర్ఫేస్ ఎప్పుడూ వేరేవాళ్ళ సొమ్మే.

ఇంత ప్రయోగం చేసే మనిషి దగ్గర ఉన్న అచ్చు మాత్రం ఒక్కటే. కాలేజీ ఆఖరి ఏడాదిలో లినోలియం ముక్క మీద చెక్కిన ఎద్దు. అచ్చులో చెక్కింది ప్రింటులో ఎడమ కుడిగా, కుడి ఎడమగా మారి పడుతుంది. అందుకే అక్షరాలను తిప్పి చెక్కాలి. ఈయన సంతకాన్ని నేరుగా చెక్కాడు. అప్పటినుంచి ప్రతి ఎద్దు కిందా ఆయన పేరు తిరగబడే ఉంటుంది. అడిగితే "అది కాన్సెప్టు" అంటాడు.

ఆ ఎద్దు దిగని చోటు లేదు. గోనెసంచి మీద దిగింది. నేత ముతక కాబట్టి పైకి లేచిన దారాలకే సిరా అంటి, ఎద్దు గజ్జి పట్టినట్టు తేలింది. "టెక్స్చర్" అన్నాడు. పాలిథిన్ కవరు మీద దిగింది. సిరా ఇంకే దారి లేక, వేలు తగలగానే ఎద్దు జారిపోయింది. "క్షణభంగురత్వం" అన్నాడు. మోదుగాకు మీద దిగింది. ఆకు ఎండి ముడుచుకునేసరికి ఎద్దు మేకంత అయింది. "ప్రాసెస్" అన్నాడు. చివరికి వాళ్ళమ్మ చేసిన జొన్నరొట్టె మీద కూడా దిగింది. ఈసారి ఆయన నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ అందుకుంది. "తినే రొట్టెకు మసి పూస్తవారా? పో, నీ ఎద్దుకే తినవెట్టు!"

లోహపు పలక మీద గీతలను యాసిడ్‌తో తినిపించి ప్రింటు తీసేది ఎచింగు. దానికి కావలసిన ప్రెస్సు అంటే రెండు బరువైన రోలర్లు, వాటి నడుమ కదిలే బల్ల. అది కొనే స్తోమత లేక ఈయన కన్ను రోడ్డు పక్కనున్న చెరుకురసం మిషన్ మీద పడింది. రోలర్లున్నాయి, ఒత్తిడి ఉంది, ఇంకేం కావాలి? బండి ఆయనను ఒప్పించడానికి 'షుగర్ లిఫ్ట్' పద్ధతి వివరించాడు. చక్కెర కలిపిన సిరాతో జింకు పలక మీద గీసి, పైన వార్నిష్ పూసి, వేడినీళ్ళలో ముంచితే చక్కెర కరిగి గీతల వెంట పలక బయటపడుతుంది. యాసిడ్ అక్కడే తింటుంది. బండి ఆయన ఓపిగ్గా అంతా విని, "చక్కెర నాది, యాసిడ్ నీది. రసం ఎవలు తాగాలె బిడ్డా?" అన్నాడు.

శివరాత్రికి ఏడుపాయల జాతర. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి, ఇసుక వేస్తే రాలని జనం. మనవాడు గోనె ముక్కల మీద ఎద్దులు దించి దుకాణం పెట్టాడు. వచ్చినవాళ్ళందరివీ రెండే ప్రశ్నలు. "అమ్మవారి ఫొటో లేదా?" "లామినేషన్ చేసిస్తవా?" ఒకాయన మాత్రం బేరమాడకుండా మూడు కొన్నాడు. ఆర్ట్ కలెక్టర్ దొరికాడని మనవాడు ఇంటికి ఫోన్ చేస్తే, దుకాణానికి జిల్లా కలెక్టర్ వచ్చాడని ఊరంతా పాకింది. ఆ కొన్నాయన వాటిని చెట్టు కింద పరిచి, కుటుంబంతో కూర్చుని కడుపునిండా తిని వెళ్ళాడు.

నిజానికి ఊరికి ఈ విద్య కొత్తది కాదు. బియ్యం బస్తా మీద మిల్లు పేరు, గొర్రె వీపు మీద రంగు గుర్తు, కొత్తింటి తలుపు మీద పసుపు చేతులు ఎప్పటినుంచో పడుతూనే ఉన్నాయి. వాటిని సర్ఫేస్ అనాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఎవరైనా నవ్వితే మనవాడు పెద్దల పేర్లు తీస్తాడు. మొదటి పేరు 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్. ఆయన ఎచింగుల నిండా మేకలూ పల్లె మనుషులూ. "ఆయన మేకల బొమ్మలేసిండు, నేను మేకల మీదనే ఏస్త" అని మనవాడి ప్రతిజ్ఞ. మేకలింకా ఒప్పుకోలేదు. రెండో పేరు చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి పారిస్‌లోని ప్రింట్ స్టూడియో 'అటెలియే 17'లో పేరు తెచ్చుకున్న కృష్ణారెడ్డి. అవిసెనూనె పాళ్ళు మార్చి రంగుల చిక్కదనం మారిస్తే, మెత్తని, గట్టి రోలర్లతో అవి కలగాపులగం కాకుండా ఒకే పలక మీద నిలుస్తాయని, ఒక్క ఒత్తుతో రంగుల ప్రింటు తీయవచ్చని చూపినవారిలో ఆయన ముఖ్యుడు. స్వతహాగా శిల్పి కాబట్టి పలకను లోతులు లోతులుగా చెక్కేవాడు. మనవాడు అంతా చెబుతాడు గానీ, ఆ చెక్కుడు దగ్గరికి రాగానే టీ తాగుదాం పదమంటాడు.

కిటుకంతా అక్కడే ఉంది. కింద పరిచేది ఎన్నిసార్లు మార్చినా పైన పడేది ఆ ఎద్దే. గోనె మార్చడానికి నిమిషం చాలు, కొత్త బొమ్మ చెక్కడానికి నెలలు కూర్చోవాలి. కాబట్టి పాపన్నపేట వాస్తవ్యులకు మనవి: ఆయన వచ్చి పాత సంచులడిగితే ఇవ్వకండి. తలా పది రూపాయలు వేసుకుని ఓ కొత్త లినోలియం ముక్క, పదునైన ఉలి కొనిపెట్టండి. దండెం మీది లుంగీలు దక్కుతాయి, ఎద్దుకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది.