జంగ్లీఘాట్ తగవుపెద్ద

వ్యాపార తగాదా కోర్టు మెట్లెక్కకముందే దాని మీద ఎక్కి కూర్చునే మనిషి తగవుపెద్ద. ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంలో, జంగ్లీఘాట్ చేపల జెట్టీ చుట్టుపక్కల ఇతడు విరివిగా కనిపిస్తాడు. 2011 జనగణనలో అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్లు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వాళ్లను తెచ్చిన ఓడల్లోనే పెద్దరికమూ వచ్చింది. దానికి టికెట్టు తీసుకోలేదు.

ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయదు.

ఇతడి ముందుకు వచ్చేవి బోటు వాటాలు, ఐసు బాకీలు, అన్నిటికన్నా ముదురు రకం ఓడలో తడిసి గడ్డకట్టిన సిమెంటు. బస్తాలు ఓడెక్కేదాకానే తన పూచీ అని అమ్మినవాడు, జెట్టీ మీద దిగేదాకా అని కొన్నవాడు. సముద్రం ఏమీ అనదు.

మొదటి రోజు తగవుపెద్ద తగాదా మాట ఎత్తడు, టీ తాగుతాడు. తర్వాత ఇద్దరి ఇళ్లకూ విడివిడిగా వెళ్లి, “న్యాయం నీదే బావా, కానీ...” అంటాడు. ఊరడించేటప్పుడు తెలుగు, గద్దించేటప్పుడు హిందీ. ఎవరైనా “కలకత్తా దాకా పోతాను” అని ఉరిమితే, కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి ఊళ్లోనే ఉందని గుర్తుచేసి ఆ బెదిరింపు రుచి పోగొడతాడు. చివరికి, “నీ మాటా వద్దు, ఆయన మాటా వద్దు.” ఒకడు 50 వేలు అడిగి, ఇంకొకడు 20 వేలు ఇస్తానంటే, తెగేది 35 వేలకేనని జెట్టీలో పిల్లిక్కూడా మొదటి రోజే తెలుసు. మిగతా మూడు వారాలూ లెక్కకు కాదు, కోపం దిగడానికి పడతాయి. అది దిగక తప్పదు. దీవిలో అలిగి ముఖం చాటేసే చోటు లేదు. చెన్నై ఓడెక్కితే మూడు రోజుల ప్రయాణం, పక్క బెర్తులో అవతలివాడి తోడల్లుడు.

చట్టం వేరే దారిలో వచ్చి ఇక్కడికే చేరింది. వాణిజ్య న్యాయస్థానాల చట్టంలో 2018లో చేర్చిన 12ఎ సెక్షన్ ప్రకారం, 3 లక్షలకు తగ్గని వ్యాపార వివాదంలో అత్యవసర ఉత్తర్వు అవసరం లేనప్పుడు, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. వెళ్లకుండా వేసిన దావా చెల్లదని 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సుప్రీంకోర్టు తన దారికొచ్చిందని తగవుపెద్ద అప్పటి నుంచి చెప్పుకుంటున్నాడు. అయితే చట్టం కోరే మధ్యవర్తి తీర్పు రుద్దకూడదు. ఇతడు తీర్పు ముందే చెప్పి, దానికి రాజీ అని పేరు పెడతాడు. 2023 మధ్యవర్తిత్వ చట్టం గోప్యత తప్పనిసరి అంటుంది. ఇతడూ విన్నది ఊరికే బయటపెట్టడు, “ఎవరికీ చెప్పకు” అన్న షరతు మీదే పెడతాడు.

ఇతడి అసలు బలహీనత నోరు కాదు, నీళ్లు. పెద్దరికం చూపు ఆనినంత మేరే నడుస్తుంది. విశాఖలో కూర్చున్న సిమెంటు వ్యాపారికి జంగ్లీఘాట్‌లో ఎవరు ఏమనుకుంటే ఏమిటి? అలాంటి తగాదాకు, చట్టం చెప్పిన మధ్యవర్తిత్వం నడిపే న్యాయ సేవాధికార సంస్థ బల్లే దిక్కు. అక్కడ సంతకమైన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన విలువ ఉంది, అమలు చేయించుకోవచ్చు. తగవుపెద్ద రాజీ మరుసటి ఓడ వచ్చేదాకా నిలిస్తే గొప్ప.

ఆ సంస్థకు దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు. మధ్యవర్తిత్వ ఫీజు ఇరుపక్షాలూ చెరిసగం భరించాలి. ఈ ఒక్క నియమాన్ని మాత్రం తగవుపెద్ద చట్టం పుట్టకముందు నుంచీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు: రెండిళ్ల నుంచీ చెరొక వంజరం, తలతో సహా.